గంట మోగేదాకా

మైపాడు దగ్గర మా చర్చిలో ఆదివారం ప్రార్థన చేసేది సంఘపెద్ద అయిన మా ఆయన ఆనందబాబే. ఆదికాండంతో మొదలుపెట్టి మా రొయ్యల గుంట దాకా వచ్చేసరికి సగంమంది నిద్రలో ఉంటారు. పెళ్ళయిన నాటి నుంచి నా పని చివర్లో ఆమేన్ అనడం. దేవుడికి నా గొంతు తెలుసో లేదో నాకు అనుమానమే.

పోయిన ఆదివారం కొరియా నుంచి మిషనరీ హన్ అమ్మగారు వచ్చారు. ఆమె ఇంగ్లీషులో చెప్పినదాన్ని పాస్టరు బెన్హర్ తెలుగులో చెప్పాడు.

"వాళ్ళ దేశంలో అందరూ ఒకేసారి, గట్టిగా, ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకుంటారంట. ఈరోజు మనమూ అట్టే చెయ్యాల. అమ్మగారు గంట కొడితే ఆపేయాల."

మా ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "అందరూ ఒక్కసారే అరిస్తే దేవుడు ఎవురిదని వింటాడు అయ్యగారూ?"

అందరూ మొదలుపెట్టారు. ఇన్నేళ్ళు చర్చికి వచ్చినా నాకంటూ ఒక్క ప్రార్థన లేదని అప్పుడు తెలిసింది. సిగ్గుపడుతూనే మోకాళ్ళ నొప్పి గురించి చెప్పాను. గూడూరులో ఉండే, నాతో మాట్లాడని చెల్లెలి గురించి చెబుతుంటే ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళకో దేవుడు పక్కనే కూర్చుని వింటున్నట్టు అనిపించి, మనసులో ఉన్నదంతా అరిచి చెప్పాను. ఆ ఊపులో గంట వినబడలేదు.

"తండ్రీ, మా ఆయన ప్రార్థన కాస్త తగ్గించు నాయనా. నువ్వెట్టా వింటన్నావో గానీ నావల్ల కావట్లా."

కళ్ళు తెరిచేసరికి అందరూ ఎప్పుడో ఆపేసి నావైపే చూస్తున్నారు. కొంగు ముఖం మీదికి లాక్కున్నాను.

ముందు వరసలో మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆమేన్," అన్నాడు.

పెళ్ళయ్యాక నా ప్రార్థనకు ఆయన ఆమేన్ అనడం అదే మొదటిసారి.