గొంతు లేని పాట

వాన నిన్ననే వెలిసింది. చేను మంచి పదును మీదుంది. ఎండ చూస్తే ఆ తడిని ఎల్లుండి దాకా ఉంచేలా లేదు. ఆలోపు విత్తనం నేలలో పడాలి. పడకపోతే ఈ ఏటి పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. రైతు దగ్గరున్న, విత్తనం వేసే సీడ్ డ్రిల్ గొట్టాలు తుప్పుపట్టి రాలిపోయాయి. అద్దెకిచ్చేవాళ్ళు ఫోనే ఎత్తడం లేదు. ఇక మిగిలింది మార్కెట్ యార్డువాళ్ళు పెట్టిన ఆన్‌లైన్ వేలంలో ఉన్న పాత డ్రిల్ ఒక్కటే.

వంటగది బల్ల ముందు, కూతురి ల్యాప్‌టాప్‌కు ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చున్నాడు. కూతురు పక్కనే ఉల్లిపాయలు తరుగుతోంది.

"కాస్త వెనక్కి జరుగు నాన్నా. అదేం కొరకదు."

"ఇప్పటికే కొరికింది."

అబద్ధం కాదు. ఒకసారి నాగలి చేతికందేవేళకు నెట్ పోయింది. ఇంకోసారి ట్రాలీ కొంటే, ఫొటోలో కనిపించని వైపు ఒక చక్రమే లేదు. ఆ ట్రాలీ ఇప్పటికీ కొట్టం వెనక వాలిపోయి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా అతనికి ఒళ్ళు మండుతుంది.

"అసలు ఇదేం పాట?" అన్నాడు. "పాడేవాడి గొంతు వినపడాలి. గుటకలు మింగుతున్నాడో, జేబు తడుముకుంటున్నాడో చూడాలి. ఇక్కడ అందరూ మూగవాళ్ళే."

"నీ గొంతు వినపడకపోవడమే మంచిది. యార్డు ఖాళీ అయిపోతుంది."

తెర మీది గడియారం చివరికొచ్చింది. అయితే అది చివర కాదు. ఆఖర్లో ఎవరు పాట పెంచినా గడియారం మళ్ళీ రెండు నిమిషాలు వెనక్కి పోతుంది. రైతు బటన్ నొక్కాడు. అవతల ఎవడో నొక్కాడు. గడియారం వెనక్కి పోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పోయింది. మిగతా వాళ్ళంతా ఒక్కొక్కరే జారుకున్నారు. ఆ అవతలివాడు మాత్రం జలగలా పట్టుకున్నాడు. రైతుకు చెవులు వేడెక్కాయి. భార్య పోయిన ఈ రెండేళ్ళలో గుండె ఇంత గట్టిగా కొట్టుకున్నది లేదు.

అవతలి పాట మళ్ళీ పెరిగింది. ఈసారి అంకె చివర సున్నా లేదు. ఏడుంది.

"బటన్ నొక్కితే సున్నాలే కదా వచ్చేది?" అంది కూతురు వంగి చూసి. "చేత్తో కొట్టినట్టున్నాడు."

రైతు వేలు గాల్లోనే ఆగిపోయింది.

దూడను కొన్నా, దుప్పటి కొన్నా అతని భార్య బేరం చివర ఏడు తగిలించేది. ఏడు కలిపితే ఎదుటివాడు ఏడవాల్సిందేనని నవ్వేది. పుట్టింట్లో తండ్రి నేర్పిన తమాషా అది. ఆ ఇంట్లో దాన్ని నేర్చుకున్నది ఆవిడా, ఆవిడ తమ్ముడూ. ఆవిడ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ తమ్ముడు ఒక్కసారి వచ్చాడు. అదీ గుమ్మంలోంచే తొంగి చూసి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ రైతు అతనితో మాట్లాడలేదు.

"గొంతు దొరికింది," అన్నాడు.

"ఎవరిది?"

"మీ మావయ్యది."

కూతురు కత్తి కింద పెట్టింది. "అయితే ఫోన్ చెయ్యి నాన్నా. మీలో మీరు పెంచుకుంటుంటే అమ్మేవాడు పండగ చేసుకుంటాడు."

"చెయ్యను."

బటన్ జోలికి పోలేదు. అంకెలు తనే ఒక్కొక్కటిగా కొట్టాడు. చివర రెండు ఏడులు పెట్టాడు.

గడియారం దిగుతోంది. అవతల చప్పుడు లేదు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నా ఇద్దరూ అటు చూడలేదు. ఇంకాస్త దిగింది. తెర పచ్చగా మారింది, డ్రిల్ అతనిదే. అతను లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. కూతురు ఉల్లిపాయల చేతుల్తోనే చప్పట్లు కొట్టింది.

అంతలో ఫోన్ మోగింది. పేరు ఎప్పుడో చెరిపేశాడు. నంబరు మాత్రం మర్చిపోలేదు.

"బావా, రెండు ఏడులు పెట్టింది నువ్వేనా?"

"నేనే."

"అనుకున్నా. అక్క రెండు ఏడులు పెట్టిందంటే ఇక బేరం లేదన్నట్టే. అందుకే చెయ్యి తీసేశా."

"ఎవడు తియ్యమన్నాడు? ఓడిపోయానని చెప్పు."

"ఓడిపోయాను బావా."

"గట్టిగా."

"ఓడిపోయానయ్యా బాబూ. ఇంతకీ డ్రిల్ ఎలా తెస్తావు? నీ ట్రాలీకి ఒక చక్రం లేదటగా."

రైతు కూతురి వైపు చూశాడు. ఆమె చటుక్కున ఉల్లిపాయల మీదికి వంగింది.

కిటికీ బయట గాలి మొదలైంది. నేలను ఆరబెట్టే గాలి.

"నీ ట్రాలీ కట్టుకుని యార్డుకి రా," అన్నాడు రైతు. "ముందు నా చేను. తర్వాత డ్రిల్ నీ చేలోకి తోలుకుపో."

"అలాగే బావా. ఆ రోజు ఆస్పత్రిలో నేను..."

"మాటలు వద్దు. ట్రాలీ ఒక్కటే తీసుకురా."

ఫోన్ పెట్టేసి ట్రాక్టరు తాళాల కోసం జేబులన్నీ తడుముకున్నాడు. తాళాలు చేతిలోనే ఉన్నాయి.

"మావయ్యకి కూడా అన్నం వండనా?" అడిగింది కూతురు.

"వండు. చేను గట్టుకి పంపు. ఇంట్లోకి రానక్కర్లేదు."

చెప్పులు వేసుకోకుండానే గుమ్మం దాటాడు.