లోలా హసింతా దాచిన చెయ్యి

పొద్దున్న ఆరున్నరకి లోలా హసింతా వాకిట్లో వెదురు బల్ల మీద కూర్చుని మునగాకు దూస్తుంటే, బజారుకెళ్లేవాళ్లు ఒక్కొక్కరే ఆగి, వంగి, ఆవిడ కుడిచెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుని వెళ్లేవారు. పెద్దవాళ్ల దగ్గర ఆ ఊళ్లో ఎవరైనా చేసే పనే అది; ముసలావిడ ఎవరైనా అక్కడ లోలాయే, అంటే అవ్వ. కాకపోతే ఈవిడ దగ్గర అదనంగా ఒకటి దొరికేది. ఆవిడ అప్పటికి ఏది మరిచిపోయి ఉంటే అది, చెయ్యి ఆనించుకున్నవాళ్ల తలలోకి వెళ్లి కూర్చునేది.

పక్కింటావిడ పాసింగ్‌కి ఆకులో చుట్టే జిగురన్నం ఎంతసేపు ఉడకాలో అలాగే వచ్చింది. అప్పట్నుంచి సంతలో ఆవిడ పొట్లాలకే గిరాకీ. చేపలమ్మే క్రిసాంటోకి ఒక పాట సగం వచ్చింది. మిగతా సగం లోలాకి ఇంకా గుర్తుంది కాబట్టి, అతను రోజూ గంప దించి, "ఇవాళైనా మరిచిపోయావా లోలా?" అని అడిగి ఉసూరుమంటూ పోయేవాడు. కొడుకు రెనాటోకైతే తను పుట్టిన రోజంతా వచ్చేసింది. పాపం, రెండు రోజులు బాడుగకి తిప్పే మోటారు ట్రైసికిల్ బయటికి తీయలేదు.

అందరికీ సరదాగానే ఉండేది. లోలాకే భయం. స్టవ్ ఆర్పడం దగ్గర్నుంచి చచ్చిపోయిన చెల్లెలి ముద్దుపేరు వరకూ నోటుబుక్కులో రాసి పెట్టుకునేది. ఒక్కటి మాత్రం రాయలేదు.

ఆవిడకి పందొమ్మిదేళ్లప్పుడు మంత్రసాని చదువుకి మనీలాలో స్కాలర్‌షిప్ వచ్చింది. రెండో సెమిస్టరులో పది రోజులు జ్వరం. ఒక్క సబ్జెక్టులో మార్కులు తగ్గాయి. స్కాలర్‌షిప్ నిలిచినవాళ్ల పేర్లు బోర్డు మీద అంటించారు. పైనుంచి కిందకి మూడుసార్లు వేలు పెట్టి వెతికింది. "ఏం వెతుకుతున్నావు?" అని తోటి పిల్ల అడిగితే, "నా గొడుగు," అంది. ఓడెక్కి ఇంటికొచ్చి, సముద్రపు గాలి లేక ఉండలేకపోయానని చెప్పింది. మనీలాలోనూ సముద్రం ఉందిగా అని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత చర్చి గోడ మీద జాబితా కనిపించినా, ఎన్నికల జాబితా కనిపించినా రోడ్డు దాటి అవతలివైపు నుంచి నడిచేది.

ఇప్పుడు మనవరాలు ఫ్లోరాబెల్‌కి రెండు ఉత్తరాలొచ్చాయి. డాక్టరు కోర్సుకి ముందు చదవాల్సిన నాలుగేళ్ల డిగ్రీకి, రెండు యూనివర్సిటీల నుంచి. మనీలా వాళ్లు ఫీజంతా, హాస్టల్ గదితో సహా ఇస్తామన్నారు. గంట దూరంలో ఉన్న ఇలోయిలో పట్నం వాళ్లు సగం ఫీజే ఇస్తామన్నారు. శుక్రవారం మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి చెప్పాలి.

"మనీలాకే," అంది లోలా ఆదివారం భోజనాల దగ్గర. "ఫాదర్‌కి కూడా చెప్పేశాను."

"ఫాదర్‌కి చెప్పావంటే ఇంక పైవాడికి కబురెళ్లిపోయినట్టే," అన్నాడు రెనాటో. "సరేలే. సగం ఫీజంటే నా ట్రైసికిల్ చక్రాలు అరగాల్సిందే."

ఫ్లోరాబెల్ అన్నం కెలుకుతూ, "ప్రతి సెమిస్టరూ, ప్రతి సబ్జెక్టులోనూ మార్కులు తగ్గకూడదట లోలా," అంది.

"నీకెందుకు తగ్గుతాయే?"

ఆ మాట అంటున్నప్పుడు లోలా మనవరాలి మొహంకేసి చూడలేదు. మనీలా బోర్డు మీద తమ ఇంటిపేరు ఒక్కసారైనా నిలవాలని ఆవిడ కోరిక. అది పైకి చెప్పేది కాదు.

సోమవారం ఆవిడకి మనీలాలో తను చదివిన బడి తలుపు ఏ రంగో గుర్తు రాలేదు. మంగళవారానికి జ్వరం ఎన్ని రోజులో పోయింది. వదులైన పన్నులాగా ఆ సంగతంతా కదులుతోంది. ఊడిందంటే ఎవరో ఒకరి నుదుటికి అంటుకుంటుంది. కుడిచెయ్యి ఆప్రాన్ కింద పెట్టేసుకుంది.

ఊరు గగ్గోలెత్తింది. చెయ్యివ్వని పెద్దదాన్ని ఎవరూ చూసి ఎరగరు. పాసింగ్ పొట్లాలు పట్టుకొచ్చి, "నామీద కోపమా లోలా? వంట నీదేనని అందరికీ చెప్తూనే ఉన్నానే," అంది.

"చెయ్యి నొప్పి," అంది లోలా.

"నొప్పి చేత్తో మునగాకెలా దూస్తున్నావు?"

"ఎడం చేత్తో."

"మరి ఆ ఎడం చెయ్యే ఇవ్వు!"

శుక్రవారం పొద్దున ఫ్లోరాబెల్ మనీలా కాగితాల మీద హెడ్మాస్టర్ సంతకానికని బయల్దేరింది. రెనాటో ట్రైసికిల్ స్టార్ట్ చేశాడు. పిల్ల వచ్చి లోలా ముందు వంగింది. చెయ్యి బయటికి రాలేదు.

"అమ్మా, ఏంటిది? ఇంత పనికి వెళ్తుంటే చెయ్యివ్వకుండా పంపుతావా?" అన్నాడు రెనాటో.

లోలాకి ఇంక బోర్డు, దాని మీద పాకే వేలు, గొడుగన్న మాట, అంతే మిగిలాయి. పిల్లవైపు చూసింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నిన్న రాత్రి అన్నం కూడా అలాగే వదిలేసింది. 'ఇది పైకి చెప్పలేకపోతోంది. రేపు ఇది కూడా గొడుగు వెతుకుతున్నానంటుంది,' అనుకుంది. అనుకుని, ఆ మిగిలిందీ వదిలేసుకుని, ఆప్రాన్ కింద నుంచి చెయ్యి తీసి ముందుకి చాపింది.

ఫ్లోరాబెల్ నుదురు చాలాసేపు ఆ చేతి మీదే ఉంది. తలెత్తేసరికి కళ్లు తడిసి ఉన్నాయి.

"గొడుగు దొరికిందా లోలా?"

"ఏ గొడుగే? వానేదీ?" అంది లోలా. చెయ్యి ఎందుకు దాచుకుందో ఆవిడకే తెలియలేదు. మునగాకు పళ్లెం దగ్గరికి లాక్కుంది.

"నాన్నా, ఐదు నిమిషాలు," అని ఫ్లోరాబెల్ బల్ల చివర కూర్చుని మనీలాకి ఫోన్ చేసింది. "జ్వరమొచ్చి ఒక్క సబ్జెక్టులో తగ్గితే ఏమవుతుందండీ?" అని అడిగింది. అవతల ఎవరో మర్యాదగానే చెప్పారు, ఆ సెమిస్టరుతో ఆగిపోతుందని. తర్వాత ఇలోయిలోకి చేసి అదే అడిగింది. ఇంకో సెమిస్టరు గడువిస్తామని, మేష్టర్లు కూర్చోబెట్టి చెప్తారని, సగం ఫీజు సాయం అలాగే ఉంటుందని అన్నారు.

"నాన్నా, నాకు మనీలా అంటే భయం," అంది ఫ్లోరాబెల్. వారం రోజులుగా గొంతులో ఉన్నది ఒక్క గుక్కలో వచ్చేసింది. "ఇంటి నుంచి వెళ్లొస్తాను. సగం మనం కట్టగలమా?"

రెనాటో ఇంజన్ ఆపాడు. "ముందే చెప్పొచ్చుగా తల్లీ! చక్రాలు అరిగితే కొత్తవి వేసుకుంటాం." తర్వాత ఇద్దరూ భయంభయంగా లోలావైపు చూశారు.

"ఇలోయిలోనా? శుభ్రంగా సాయంత్రానికి ఇంటికొస్తుంది," అంది లోలా. "అసలు మనీలా అన్నదెవరు?"

"నువ్వే! ఫాదర్‌కి కూడా తెలుసు!"

"నేనా? మరి ఫాదర్‌కి చెప్పిందెవరు?"

"అదీ నువ్వే అమ్మా!"

"అయితే పోయి చెప్పిరా, ముసల్ది మరిచిపోయిందని."

ఆ మధ్యాహ్నం ఫ్లోరాబెల్ మునగాకు చారుతో మూడుసార్లు అన్నం పెట్టించుకుంది. పాసింగ్ గోడమీంచి తొంగిచూసి, "మాకూ మిగల్చవే!" అని అరిచింది.

కాలేజీలో చేరే రోజున లోలా కూడా జీప్నీ బస్సెక్కి ఇలోయిలో పట్నానికి వెళ్లింది. యూనివర్సిటీ వసారాలో బోర్డు మీద స్కాలర్‌షిప్ వచ్చినవాళ్ల పేర్లు అంటించి ఉన్నాయి. రెనాటో అలవాటుగా తల్లి మోచెయ్యి పట్టి అవతలివైపుకి తిప్పబోయాడు. ఆవిడ విడిపించుకుని, కుర్రకారు మధ్యలోంచి దారి చేసుకుని, సరాసరి బోర్డు దగ్గరికి నడిచింది. కళ్లజోడు సవరించుకుని, పైపేరు మీద వేలు పెట్టి కిందకి జరపడం మొదలుపెట్టింది.

పక్కనున్న అమ్మాయి జాలిపడి, "ఏం వెతుకుతున్నారు లోలా?" అంది.

వెనకాల ఫ్లోరాబెల్ ఒక అడుగు ముందుకేసింది.

"మా పిల్ల పేరు," అంది లోలా, అందరికీ వినబడేలా. వేలు తమ ఇంటిపేరు గెన్సోలా దగ్గర ఆగింది. "ఇదిగో. దొరికింది."