శాంతయ్య వంతు

శాంతయ్యను ఎండ చంపిందని రాసుకున్నారు. అబద్ధం. ఆయన ట్రాక్టర్ వెనకే నా ట్రాక్టర్. నా పేరు మునిచంద్ర. కూలివాళ్ళయినా, చదువుకునే పిల్లలయినా, కాసేపు గమ్మున కూర్చుని వినండి.

చిత్తూరు బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటుంది. సీజన్‌లో దాని గేటు ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు ఊరు దాటి బారులు తీరుతాయి. తిండీ నిద్రా ఆ వరసలోనే. ఆ రోజు శాంతయ్య కళ్ళు తిరుగుతుంటే, నీళ్ళకని పక్క తోటలోని బోరు దగ్గరికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే గేటు మీది యంత్రం ఆయన పేరు పిలిచింది.

మాకొక పద్ధతి ఉంది. పిలిచినప్పుడు మనిషి లేకపోతే వెనకవాడు "ఉండాడు" అంటాడు. అంతే, వంతు నిలుస్తుంది. చెరుకు గానుగల దగ్గర మా తాతలు పలికిన మాట అది. నేను గొంతు చించుకుని అరిచాను. నా వెనకవాళ్ళూ అరిచారు. యంత్రానికి చెవులెక్కడివి? ఇంకో పేరు పిలిచింది. శాంతయ్య తిరిగొచ్చేసరికి ఆయన వంతు వరస చివరికి పోయింది. కాయలు అప్పటికే మెత్తబడి రసం కారుతున్నాయి. ఆయన ట్రాక్టర్ తిప్పుకుని చివరికి వెళ్ళి, స్టీరింగ్ మీద తల వాల్చాడు. మళ్ళీ ఎత్తలేదు.

అంతకుముందు మాకు ఈ ఖర్మ లేదు. ట్రాక్టర్ సీట్లు కుట్టే సుభాన్ బాషా కూతురు సుహానా, తిరుపతిలో కంప్యూటర్ చదువు చదివి, మాకో యాప్ రాసిచ్చింది. వంతు వస్తే ఫోన్లో పేరు పిలుస్తుంది. మనిషి దగ్గర లేకపోతే పక్కవాడు "ఉండాడు" అన్న బొత్తాం నొక్కాలి. ఊరికే ఇచ్చింది, గేటువాళ్ళూ దాన్నే వాడారు. మా వరసలో తిరిగి, మా టీ తాగి, ఫోటోలు తీసుకుపోయిన బాబులు కొందరున్నారు. వాళ్ళ కంపెనీయే దగ్గర లేనివాడి వంతు నిలిపే పద్ధతి తామే కనిపెట్టామని పేటెంటు తెచ్చుకుంది. సుహానా యాప్‌ను తీయించి గేటు మీద తన యంత్రం పెట్టింది. ఆ బొత్తాం అందులోనూ ఉంది, డబ్బు కట్టినవాడికి. మన నోటి మాటను మనకే అమ్ముతున్నారు, సిగ్గులేని జన్మలు!

శాంతయ్య పోయినప్పటినుంచి వరసలో నా ముందు ఒక ట్రాక్టర్ పట్టేంత జాగా మిగిలిపోతోంది. కావాలని వదలడం లేదు. వరస కదిలినప్పుడు కాలు క్లచ్ మీదే ఆగిపోతుంది. ఎండలో ఆ జాగాలో ఆయన తలగుడ్డ కనబడుతుంది. వెనకవాళ్ళు హారన్ కొట్టరు. వాళ్ళకూ కనబడుతోందా అని అడగడానికి నాకు భయం.

దినాలయ్యాక శాంతయ్య తోటలోనే కూర్చున్నాం. తిరుపతిలో లా చదివే గిరిప్రసాద్ విడమరిచి చెప్పాడు. వట్టి కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంటు ఇవ్వకూడదని మన చట్టంలోనే ఉందట. యంత్రమని పేరు పెట్టి దొడ్డిదారిన తెచ్చుకున్నారట. రద్దు చేయమని అడగొచ్చు, కానీ ఏళ్ళు పట్టొచ్చు.

ధనంజయకు ఒళ్ళు మండింది. "అన్నేండ్లు కాయలు చెట్టు మీదే ఉంటాయా అప్పా? వాళ్ళు అడిగింది కట్టేసి పోదాం," అన్నాడు. సగం మంది తలలూపారు.

సుహానా లేచింది. రద్దుకూ పోరాడదాం, ఈలోగా యాప్‌ను బాహాటంగా ఫోన్ నుంచి ఫోన్‌కు ఎక్కిస్తాను, కేసు పడితే నా మీదే పడనీ అంది.

శాంతయ్య భార్య యశోదమ్మ కొంగు చాటు నుంచి ఫోను తీసింది. "నీ ఒక్కదాని మీద ఏంటికి పడాల బిడ్డా? నా మొగుని ఫోను ఈడ ఉండాది. ముందు దాంట్లో ఎక్కించు," అంది.

ఆ తర్వాత ఫోన్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మర్నాటి నుంచి యంత్రం పిలుపును పక్కనబెట్టి వరసను మేమే నడిపాం. కాయలు కావాలి కాబట్టి గేటువాళ్ళూ కాదనలేదు. కంపెనీ ఊరుకుంటుందా? యాప్‌లో ఉన్న ప్రతి పేరు మీదా చిత్తూరు కోర్టులో దావా వేసింది. బతికున్నవాడా, చచ్చినవాడా అని కూడా చూసుకోలేదు.

వాయిదా రోజు సగం మంది వరసలో ఉన్నారు, సగం మందిమి ట్రాక్టర్లు వరసలోనే వదిలొచ్చి కోర్టు ఆవరణ నింపాం. బంట్రోతు వరండాలో నిలబడి పిలిచాడు. సుహానా పలికింది. నేను పలికాను.

"శాంతయ్యా!"

రెండోసారి పిలిచాడు. కంపెనీ వకీలు కాగితాల్లో తల దూర్చాడు. బంట్రోతు మూడోసారి పిలిచాడు.

యశోదమ్మ నావైపు తిరిగింది. "ఆయన ఎనకోడివి నువ్వే కదా మునిచంద్రా. సెప్పు."

"ఉండాడు," అన్నాను.

నా పక్కనుంచి ఇంకో గొంతు "ఉండాడు" అంది. చూస్తే ధనంజయ. ఆ తర్వాత ఆవరణంతా అదే మాట. ఊరుకోమన్న కొద్దీ పెరిగింది. చివరికి పోలీసులు సుహానాను, నన్ను, ఇంకొందరిని వ్యాన్ ఎక్కించారు.

వ్యాన్‌లో బెంచీ మీద నా పక్కన ఒక మనిషి పట్టేంత జాగా మిగిలింది. కానిస్టేబుల్ విసుక్కున్నాడు. "జరుగప్పా, అంత జాగా ఉండాది కదా."

"ఆ జాగాలో మనిషి ఉండాడన్నా," అంది సుహానా.

అతను ఆ ఖాళీ వైపు చూసి, ఏమనుకున్నాడో, నిలబడే వచ్చాడు.

వ్యాన్ కదిలాక నా జేబులో ఫోను మోగింది. గేటు దగ్గర నా వంతు వచ్చింది. యాప్ నా పేరు పిలుస్తోంది. నేను తీసి చూసేలోగా వరసలో ఎవరో బొత్తాం నొక్కేశారు.