పాటల కాగితం కింద

రంగు డబ్బా పట్టుకొచ్చినవాడు మొదటి గుడిసె తలుపు మీద ఎర్రగా ఒక గీత అడ్డంగా, ఒక గీత నిలువుగా గీశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. "సిలువ! మా ఇంటికీ వెయ్యన్నా!" అంటూ వాడి వెంట పడ్డారు. ఆదివారం బడిలో వాళ్లు గీసే గుర్తు అదే మరి.

"ఏంటి బాబూ ఇది?" అద్దాలత్త తన తలుపుకి అడ్డం నిలబడి అడిగింది.

"కూల్చే ఇళ్లకి గుర్తు. సోమవారం మిషన్ వస్తుంది. జరుగు."

చప్పట్లు ఆగిపోయాయి.

అద్దాలత్త చిత్తు కాగితాలు ఏరుకుని బతికే మనిషి. మొగుడు ఆ పక్క కాలువలోనే పూడిక తీస్తూ పోయాడు. ఇప్పుడు ఆమెకి తోడు పిచ్చుక. నిరుటి దాకా వంతెన కింద పడుకున్న పిల్ల. కడుపున పుట్టలేదు, ఒళ్లోకొచ్చి పడింది. గుడిసె పోతే అత్త ఏదో ఒక అరుగు చూసుకుంటుంది. ఇద్దరికి అరుగెవరూ ఇవ్వరు, పిచ్చుక మళ్లీ వంతెన కిందికే పోవాలి. ఆడపిల్లకి అక్కడ ఏం జరుగుతుందో అత్తకి ఒకరు చెప్పక్కర్లేదు.

రంగువాడి వెనక ఉన్న మున్సిపాలిటీ గుమాస్తా సంచిలోంచి కాగితం తీశాడు. "గోల దేనికి? ఇష్టపడి ఖాళీ చేస్తున్నామని మీరే రాసిచ్చారుగా. ఇవి మీ సంతకాలు కావా?"

అత్త సంతకంలో చివరి అక్షరం ఎప్పుడూ గీత దిగి మేకతోకలా కిందికి వేలాడుతుంది. ఆ తోక కాగితం మీద ఉంది. అన్నిటికంటే పైన ఉంది.

ఆ సంతకం ఆమెకి నేర్పింది చర్చివాళ్లే. ఉన్నమాట చెప్పుకోవాలి. రెండేళ్ల కిందట పాస్టరుగారు వచ్చి వంతెన కింది పిల్లల పుళ్లు తన చేత్తో కడిగాడు. రొట్టె, పాలు ఇచ్చాడు. అత్తకి కళ్లద్దాలు పెట్టించాడు. ఒక టీచరమ్మని పంపి ఆడవాళ్ల చేత పలక పట్టించాడు. అలాంటి మనిషి పోయిన నెల ఒక అట్ట చేతికిచ్చాడు. పైన పాటల కాగితం, దానికో క్లిప్పు, కింద వరసగా ఖాళీ గీతలు.

"మీ బస్తీ కోసం పెద్ద ప్రార్థన పెడుతున్నామమ్మా. ఇంటికొక సంతకం కావాలి."

అత్త పని మానుకుని ఇల్లిల్లూ తిరిగింది. వేలిముద్ర వేస్తానన్న బండి తాతని కూడా వదల్లేదు. "వేలు చీకడానికి దాచుకో తాతా, నీ కోడలిని పిలువు" అని అందరి ముందూ నవ్వింది. పాటల కాగితం ఎత్తి దాని కింద ఏముందో చూడాలని ఆమెకి తోచలేదు. రాయడం వచ్చిన సంబరంలో చదవడం మరిచిపోయింది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర బస్తీ అంతా పోగయింది. బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ చూడలేదు.

"నీ సంతకాల సోకు మా కొంప ముంచింది!" ఇస్త్రీ అక్క అత్త మీదికి వచ్చింది.

"నా వేలు నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు" అన్నాడు బండి తాత, బొటనవేలు అందరికీ చూపిస్తూ.

"తిట్టండి. పడతాను" అంది అత్త. "కానీ ఇదంతా గుమాస్తా ఆడే నాటకమేమో. పాస్టరుగారి నోట విందాం."

"ఇంకా నమ్ముతున్నావా? సిగ్గులేదా నీకు?"

అత్తకి ఆ నమ్మకం ఒక్క పూటలో పోయేది కాదు.

"వాళ్ల రొట్టె తిన్న నోటితో వాళ్లనెలా నిలదీస్తాం?" అని తాత నసిగాడు.

"తిన్నది రొట్టె తాతా. నోరు అమ్ముకోలేదుగా" అంది ఇస్త్రీ అక్క. "అందరం పోదాం. ఒక్కరు పోతే ముష్టికొచ్చారంటారు."

ఆదివారం అరవై ఇళ్ల జనం చర్చి మెట్లెక్కారు. ముందు వరసల్లో నలగని చొక్కాలు. వాటి మడతలు ఇస్త్రీ అక్క చేతివే. పాస్టరు ప్రసంగం ఆపాడు.

"ఆ కాగితం మీదేనా అయ్యగారూ?" అత్త గొంతులో ఇంకా మర్యాద ఉంది. కాదంటే చాలు, అక్కడే మోకాళ్ల మీద పడి క్షమాపణ అడిగేది.

"అమ్మా, ఎన్నాళ్లు ఆ మురికి కాలువ గట్టున? ఊరి బయట చోటు చూపిస్తారు. ఆ స్థలం తీసుకునే కాంట్రాక్టరుగారు పిల్లలకి హాస్టల్ కట్టిస్తామన్నారు. అంతా పిల్లల కోసమే."

"మమ్మల్ని అడగొచ్చుగా?"

"అడిగితే ఒప్పుకునేవాళ్లా?"

ఆ మాట హాలంతటికీ వినపడింది. తానేమన్నాడో ఆయనకీ ఆలస్యంగా వినపడింది.

"తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కాపరి కొండలన్నీ తిరిగాడని నువ్వే చెప్పావు" అంది అత్త. రెండేళ్లలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. "తప్పిపోని గొర్రెల్ని కూడా మందతో సహా కసాయికి తోలావు కదయ్యా!"

బెంచీ మీంచి టీచరమ్మ లేచింది. కళ్లనిండా నీళ్లు. "అది టైపు చేసింది నేనేనత్తా. చెబుదామనే అనుకున్నాను..."

"అక్షరాలిచ్చి అర్థం దాచుకున్నావమ్మా" అంది అత్త.

జనం వెనక్కి తిరిగారు. ఆ రోజు పాట ఎత్తుకోవడానికి చర్చిలో పిల్లలు లేరు.

సోమవారం పొద్దున్నే మిషన్ వచ్చింది. దాని ముందు బండి తాత తన తోపుడుబండి అడ్డం పెట్టాడు. ఆడవాళ్లు చేయీ చేయీ మెలేసుకుని కూర్చున్నారు. పోలీసులు చేతులు విడదీసి, జుట్టు పట్టి ఈడ్చి, నలభైమందిని వ్యాన్లలో కుక్కి స్టేషనుకి తెచ్చారు.

"ఇంకెప్పుడూ అడ్డం పడమని దీని మీద ముద్రలేసి పొండి" అంటూ ఇన్‌స్పెక్టరు కాగితం, సిరా డబ్బా బల్ల మీద పెట్టాడు.

అత్త సిరా డబ్బా పక్కకి నెట్టి అద్దాలు తుడుచుకుంది. "చదివాక చూద్దాం."

"నేను చదివి చెబుతాలే."

"అలాగే ఒకాయన చెప్పాడు సారూ. దేవుడి పేరు మీద చెప్పాడు."

కాగితం తిరగేసి వెనక చూసింది. వేలు పెట్టి మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుని. ఒకచోట ఆగిపోయింది. వ్యాన్ల వెంట పరిగెత్తుకొచ్చి కిటికీ ఊచలకి వేలాడుతున్న పిచ్చుక లోపలికి అరిచింది: "అది క్ష అత్తా! క్ష!" వెనకున్న పిల్లలంతా అందుకున్నారు.

అరగంట పట్టింది. "రెండో వరస అబద్ధం. మేం రాళ్లు వెయ్యలేదు. నేను సంతకం పెట్టను" అని అత్త కాగితం ఇస్త్రీ అక్క చేతికిచ్చింది.

ఇస్త్రీ అక్క మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.

"మళ్లీ మొదట్నించా? ఆమె చదివిందిగా!"

"ఆమె కళ్లు ఆమెవి. నా కళ్లు నావి."

ఆమె వెనక ముప్పై ఎనిమిది మంది. మధ్యాహ్నానికి ఏడుగురి చదువు అయింది. సంతకాలు ఒక్కటీ పడలేదు. సగంమంది పోలీసులు స్టేషన్లోనే ఇరుక్కుపోయారు. వాళ్లు రాకుండా ఇంజను వెయ్యనని మిషన్ డ్రైవరు మొండికేశాడు.

అప్పుడు బస్తీ నుంచి ఇంకో వ్యాను వచ్చింది. చొక్కా చిరిగి, నుదురు పగిలి, బండి తాత అందరికంటే ముందు దిగాడు.

"ఏదీ, ఆ కాగితం ఇటియ్యండి."

"నీకు చదవడం వచ్చా ముసలాడా?"

"రాదు. ఇక్కడే కూచుని నేర్చుకుంటా" అన్నాడు తాత. అద్దాలత్త జరిగి బెంచీ మీద చోటిచ్చింది.