పరామర్శకు కొబ్బరిబొండాలు

కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలయ్యాక విద్యాసాగర్ మాట్లాడడం మానేశాడు. "మనసు కుంగింది. నలుగురొచ్చి పలకరిస్తే తేరుకుంటడు" అన్నాడు మహబూబాబాద్‌లోని మానసిక వైద్యుడు.

భార్య మనోరమ చుట్టాలకు ఫోన్లు చేసింది. వచ్చిన ప్రతివాళ్లూ కొబ్బరిబొండాలే తెచ్చారు. మంచినీళ్లే కొలిచి తాగే మనిషి, బొండం అసలే ముట్టకూడదు. పారేస్తే బాగుండదని మనోరమ వాటిని వచ్చినవాళ్లకే కొట్టించి ఇచ్చింది. వాళ్లు అతని ఎదుటే గుటగుటా తాగి, "జర ధైర్యంగ ఉండు అన్నా" అని మూతులు తుడుచుకున్నారు.

విద్యాసాగర్ గదికి గొళ్లెం పెట్టుకున్నాడు. మనోరమ పరేషానై వైద్యుణ్నే ఇంటికి పిలిపించింది. విద్యాసాగర్ తలుపు తీసి చూస్తే ఆయన చేతిలోనూ రెండు బొండాలు.

"ఉత్తచేతులతోని ఎట్ల రావాలె" అన్నాడు వైద్యుడు.

విద్యాసాగర్ నోరు తెరిచాడు. ఆయన ఏడు తరాలనూ వరసపెట్టి తిట్టాడు.

వైద్యుడు సంతోషంగా మనోరమ వైపు తిరిగాడు. "మాట్లాడుతున్నడు గదమ్మా. ఇంకొంతమందిని పిలువున్రి."