అక్క పెడల్

అక్క పని చేస్తుంటే చూసేవాళ్ళకు ఆమె చేతులకన్నా కుడి పాదానికే తెలివి ఎక్కువేమో అనిపిస్తుంది. ఆసుపత్రిలో డాక్టర్లు ఒక్కో రోగిని చూశాక గబగబా మాట్లాడి రికార్డు చేసి పంపుతారు. ఆ మాటలు హెడ్‌ఫోన్‌లో విని రిపోర్టుగా టైపు చెయ్యడం ఆమె ఉద్యోగం. బల్ల కింద నల్లటి పెడల్ ఒకటి ఉంటుంది. ఒకసారి నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, మళ్ళీ నొక్కితే ఆగుతాడు. "డాక్టరు నోరు కాలితో మూయించగల మనిషి మీ అక్కొక్కతే" అని బావ నవ్వుతుంటాడు. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయనకు ఏది చూసినా నవ్వే.

చదువు కోసం అక్క ఇంట్లో ఉంటున్న చెల్లెలికి బావే గుసగుస అని పేరు పెట్టాడు. ఆ పిల్ల మాట్లాడితే పక్కనున్నవాళ్ళు కూడా చెవి దగ్గర పెట్టాలి. ఫోన్ మోగితే చాలు, స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది.

అలాంటి పిల్ల అక్క కంప్యూటరును మార్చేస్తానని అనడమే పెద్ద వింత.

కంప్యూటరు పాతది. అందులో విండోస్ ఇంకా పాతది. ఇక ఈ యంత్రానికి అప్‌డేట్లు రావని తెర మీద రోజూ ఒక కబురు కనిపించేది. అక్క దాన్ని ఈగను తోలినట్టు తోలేసేది. ఒకరోజు రిపోర్టు పంపుతుండగా తెర బిగుసుకుపోయి, సగం రిపోర్టే ఆసుపత్రికి చేరింది. రికార్డుల విభాగం మేడమ్ ఫోన్ చేసి, ఇంకొక్కసారి తప్పు రిపోర్టు వస్తే పని వేరేవాళ్ళకు ఇస్తామని చెప్పేసింది. ఆ రోజు అక్క అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండిపోయింది.

"విండోస్ తీసేసి లినక్స్ వేద్దామా అక్కా? పాత కంప్యూటర్ల మీద కూడా బాగా నడుస్తుందట. బళ్ళో అదే ఉంది" అంది గుసగుస.

"ఏమంటున్నావే? వినపడలేదు."

ఆ మాటే ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం గుసగుస కంప్యూటరు ముందు కూర్చుంది. అక్క ఫైళ్ళన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఇంకో పెన్‌డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించుకుని మొదలుపెట్టింది. డిస్కులో ఉన్నదంతా తుడిచెయ్యమంటారా అని తెర అడిగిన చోట ఆమె వేలు మౌస్ మీదే ఆగిపోయింది. లేచి కిటికీ దాకా వెళ్ళింది, వచ్చింది, నీళ్ళు తాగింది, మళ్ళీ కిటికీ దగ్గరకు వెళ్ళింది. కింద టైర్ల దుకాణంలో గాలి యంత్రం డబడబలాడి ఆగింది. అది ఆగగానే నొక్కేసింది.

తరువాత ఏదో కొత్త ప్రోగ్రాం పెట్టడానికి పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చింది. ఎన్ని అక్షరాలు కొట్టినా తెర మీద చుక్క కూడా పడదు. వెనక నిలబడ్డ బావ తెర చూశాడు, మరదలిని చూశాడు.

"ఇది నీ చుట్టమే. మాట్లాడుతూనే ఉంటారు, మాకే ఏమీ తెలీదు."

"ఉష్! దాన్ని చెయ్యనీయండి" అంది అక్క. ఆమె గోళ్ళు అప్పటికే సగం కొరికేసి ఉన్నాయి.

సీ డ్రైవ్ లేదు, పాత బొమ్మలు లేవు, మూసే గుర్తు కూడా ఉండాల్సిన చోట లేదు. అయినా కంప్యూటరు చటుక్కున తెరుచుకుంది. ఫ్యాను చప్పుడు తగ్గింది. పెడల్ పనిచేస్తుందో లేదోనన్న భయం ఒక్కటే మిగిలింది. విండోస్‌లో ఉన్నప్పుడు దుకాణంవాడు దాన్ని మౌస్ చక్రం నొక్కినట్టుగా లెక్కపడేలా అమర్చి ఇచ్చాడు. గుసగుస డాక్టర్ల మాటలు వినిపించే పాటల ప్రోగ్రాంకు కూడా అదే గుర్తు నేర్పి, ఖాళీ పేజీ తెరిచి, పెడల్ నొక్కింది. డాక్టరు మాట్లాడాడు. మళ్ళీ నొక్కింది. ఆగాడు. అక్క ఆమె తల మీద చిన్నగా ఒకటి మొట్టి, ఆ తలనే దగ్గరకు లాక్కుంది.

సోమవారం బడి లేదు. అక్క పొద్దున్నే పనికి కూర్చుంది. పన్ను నొప్పితో దవడ ఉబ్బింది. మధ్యాహ్నం పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళాలి, ఈలోగా రిపోర్టులన్నీ పంపెయ్యాలి. ఆమెకు ఒక అలవాటుంది, మాటలు బాగా వినపడాలని కళ్ళు మూసుకుని టైపు చేస్తుంది. అయ్యాక చదివి చూసుకుంటుంది. ఆ రోజు చివరి రిపోర్టు చదవలేదు. బస్సు హారన్ వినపడగానే పంపేసి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి పరుగెత్తింది.

గుసగుస బల్ల తుడవబోతే గుడ్డ మౌస్‌కు తగిలి తెర వెలిగింది. చివరి రిపోర్టు అలాగే తెరిచి ఉంది.

రోగుల సంగతులు ఇంకెవరూ చూడకూడదు. అక్క ఉద్యోగంలో చేరినప్పుడే ఆసుపత్రివాళ్ళు ఆ షరతు పెట్టారు. గుసగుస ఎప్పుడూ మొహం తిప్పుకునేది. కానీ ఆ పేజీలో ఒకే వాక్యం ఇక్కడా, కిందా, ఇంకా కిందా కనిపించేసరికి కళ్ళు వాటంతటవే అటు పోయాయి. 'ఏ మందుతోనూ ఇబ్బంది లేదు.' మొదట నవ్వొచ్చింది, డాక్టరుకు నత్తి పట్టిందా అని. తరువాత పైవాక్యం చదివింది. 'ఈమెకు పెన్సిలిన్ పడదు.' దాని వెనకే, 'ఏ మందుతోనూ ఇబ్బంది లేదు.'

నవ్వు ఆగిపోయింది.

ఎలా వచ్చిందది? తన నోట్స్ ఫైలు ఒకటి తెరిచి, ఒక వరుస మీద మౌస్ లాగి రంగు పట్టించి, పెడల్ నొక్కింది. ఆ వరుస ఇంకోసారి వచ్చి పడింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ పడింది. లినక్స్‌లో మౌస్ చక్రం నొక్కితే చివరిసారి రంగు పట్టించిన మాటలు అతుక్కుంటాయని బళ్ళో ఎవరో అన్నది అప్పుడు గుర్తొచ్చింది. అక్క ప్రతి రిపోర్టులో వచ్చే మామూలు వాక్యాలను పాతవాటిలోంచి మౌస్‌తో లాగి తెచ్చుకుంటుంది. ఆ తరువాత డాక్టరును ఆపడానికి పాదం నొక్కిన ప్రతిచోటా, మౌస్ బాణం పేజీ మీద ఉంటే చాలు, ఆ వాక్యం దూరిపోయింది. మిగతా రిపోర్టులప్పుడు బాణం పేజీ పక్కన ఉండిపోయి ఉంటుంది. తాను పరీక్షించింది ఖాళీ పేజీ మీద. అతుక్కోవడానికి అక్కడ ఏమీ లేదు.

అక్కకు ఫోన్ చేసింది. స్విచాఫ్. పళ్ళ కుర్చీలో కూర్చుని ఉంటుంది. బావకు చేసింది. లిఫ్టు గొయ్యిలోకి దిగితే ఆయనకు సిగ్నల్ ఉండదు. మెయిల్ పెడదామంటే, మేడమ్ మెయిళ్ళు సాయంత్రం గానీ చూడదని అక్క ఎన్నోసార్లు విసుక్కుంది. రిపోర్టులు మాత్రం వచ్చినవి వచ్చినట్టు డాక్టరు బల్ల మీదకు పోతాయి. "సంతకం పెట్టడమే తప్ప చదివేదెవరే!" అని కూడా అంటుంది అక్క.

గుసగుస కూర్చుంది. లేచింది. బట్ట తడుపుకొచ్చి తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. ఫోన్ చేస్తే అక్కది రెండో తప్పు అవుతుంది, పని పోతుంది. పైగా రిపోర్టు నువ్వెలా చూశావంటే ఏం చెప్పాలి? చెయ్యకపోతే ఆ ఎవరో ఒకామెకు ఎవరో ఒకరు పెన్సిలిన్ సూది గుచ్చుతారు. అక్క వచ్చేదాకా ఆగుదామనుకుంది. ఆగుదామనుకుంటూనే మెట్ల దాకా వెళ్ళి వీధి చూసింది. బస్సు లేదు. గాలి యంత్రం మొదలైంది, ఆగింది, మొదలైంది.

రిపోర్టు అడుగున ఆసుపత్రి నంబరు ఉంది. నొక్కింది.

"రికార్డ్స్. చెప్పండి."

"మేడమ్, నేను..."

"ఎవరండీ? గాలి తప్ప ఏమీ వినపడట్లేదు."

"మేడమ్, ఇందాక వచ్చిన రిపోర్టు..."

"అమ్మా, గట్టిగా మాట్లాడతారా, పెట్టెయ్యమంటారా?"

"పెట్టెయ్యకండి!"

అది అరుపే. ఆ గొంతు తనదేనా అని గుసగుసకే ఉలికిపాటు వచ్చింది. ఇక ఆగితే మళ్ళీ మాట రాదని భయపడి ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "ఆఖరి రిపోర్టు డాక్టరుగారికి ఇవ్వకండి మేడమ్. అందులో తప్పుంది. ఆమెకు పెన్సిలిన్ పడదు. ఏ మందుతోనూ ఇబ్బంది లేదని పడిన వాక్యం తప్పు. పెన్సిలిన్ పడదు."

అటువైపు కాగితాల చప్పుడు. ఎవరినో పిలిచి, ఆ కట్ట ఇటు తీసుకురమ్మన్న మాట.

"ఉంది. ఇంకా సంతకానికి పోలేదు" అంది మేడమ్. గొంతు మారింది. "ఇంతకీ నువ్వెవరు?"

"చెల్లెల్ని."

"రిపోర్టు నువ్వెందుకు చదివావు?"

తెర దానంతటదే వెలిగిందని మొదలుపెట్టబోయి, మింగేసింది. "చదవకూడదు మేడమ్. చదివేశాను. కంప్యూటరు మార్చింది నేనే. తప్పు దానివల్లే పడింది, అక్కకు తెలీదు."

"మీ అక్క రాగానే ఫోన్ చెయ్యమను."

అక్క ఒక బుగ్గ వాచిపోయి, పెదవి వేలాడేసుకుని వచ్చింది. మత్తు ఇంకా దిగలేదు. చెల్లెలు మెట్ల మీదే సంగతంతా చెప్పేసింది.

"నాకు ఫోన్ చెయ్యొచ్చుగా!" అనబోయింది అక్క. నోట్లోంచి వచ్చింది మాత్రం "నాఫు ఫోఫ్ ఫెయ్యొఫ్ఫుగా" లాంటిది.

"చేశాను. స్విచాఫ్."

అక్క కోపంగా ఇంకేదో అంది. అందులో ఒక్క అక్షరం కూడా ఆకారంలో లేదు. గుసగుసకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అక్క ఫోన్ తీసి నంబరు నొక్కి, 'హలో' అనే మాట కూడా నోటికి పట్టక, ఫోన్‌ను చెల్లెలి చేతిలో కుక్కింది.

"మళ్ళీ నేనా?"

అక్క కళ్ళు పెద్దవి చేసింది. మాట్లాడు అని.

గుసగుస మాట్లాడింది. అక్క పంటికి మత్తిచ్చారని, మాట రావట్లేదని చెప్పి, స్పీకర్ పెట్టింది. మేడమ్ ఓ క్షణం నవ్వాపుకున్నట్టే ఉంది గానీ చెప్పింది మాత్రం గట్టిగానే చెప్పింది. రిపోర్టు ఈ సాయంత్రానికి మళ్ళీ టైపు చేసి పంపాలి. ఒక్క తప్పున్నా ఇదే ఆఖరు. ఇంకొకటి, ఇక మీదట పని ఉన్నంతకాలం ఆ తెర ముందు అక్క తప్ప ఎవరూ కూర్చోకూడదు, తెర వైపు చూడకూడదు. "చెప్పినందుకు ఆగాను. లేకపోతే ఇప్పుడే వేరేవాళ్ళకు ఇచ్చేసేదాన్ని."

ఫోన్ పెట్టేశాక ఇద్దరూ కంప్యూటరు వైపు చూశారు. తరువాత గుసగుస గబుక్కున మొహం తిప్పేసుకుంది.

"మఱి ఎవఱు బాఫుచేస్తాఱే దీన్ని?" అంది అక్క. మత్తు కొంచెం దిగినట్టుంది.

"నువ్వే. నేను చెప్తాను, నువ్వు చెయ్యి."

"నాకేం తెలుఫు దీని గురించి!"

"నాకూ నిన్నటిదాకా తెలీదు."

గుసగుస తలుపు దగ్గరకు వెళ్ళి, గదికి వీపు పెట్టి నిలబడింది. ఎదురుగా వీధి, కింద టైర్ల గుట్టలు. తెరను కళ్ళ ముందుకు తెచ్చుకుంది. "పైన వరుసలో టూల్స్ అని ఉంటుంది. నొక్కు. చిట్టచివర ఆప్షన్స్."

"వచ్చింది. ఏంటే ఇంత పెద్ద గది తెరుచుకుంది?"

"భయపడకు. ఎడమ పక్క వ్యూ అని వెతుకు. అందులో మౌస్ మధ్య బటన్ ఎదురుగా ఏముంది?"

"క్లిప్‌బోర్డు అతికించు అనో ఏదో... వినపడట్లేదు నువ్వు, గట్టిగా చెప్పు!"

"దాన్ని మార్చు! ఏ పనీ వద్దు అని ఉంటుంది, అది పెట్టు!"

గాలి యంత్రం ఆగిన క్షణంలో ఆ మాట వీధంతా వినపడింది. టైరు దొర్లిస్తున్న మనిషి తల పైకెత్తి, తననే అన్నారేమోనని టైరు వదిలేసి నిలబడ్డాడు. గుసగుస మొహం మంటెత్తింది. అయినా లోపలికి పరుగెత్తలేదు.

"మార్చాను" అంది అక్క. "ఇప్పుడు?"

"ఒక వాక్యం మీద మౌస్ లాగు. రంగు పట్టిందా? బాణం పేజీ మీదే ఉంచి పెడల్ నొక్కు."

వెనక పెడల్ టక్కుమంది. హెడ్‌ఫోన్‌లోంచి సన్నగా డాక్టరు గొంతు. టక్. ఆగింది. టక్. మళ్ళీ గొంతు. టక్. గుసగుస తలుపు చట్రం పట్టుకుంది.

"అతికిందా?"

పెడల్ మళ్ళీ టక్కుమంది.

"అక్కా! అతికిందా?"

"ఉండవే, లెక్క చూసుకోనీ... లేదు. ఎక్కడా లేదు."

అక్క ఆ రిపోర్టును మొదటి నుంచి టైపు చేసి, వేలు తెర మీద ఆనించి ఒక్కో వరుసా చదువుకుని పంపింది. గుసగుస అంతసేపూ అలాగే నిలబడి వచ్చేపోయే బస్సులు చూసింది. కాళ్ళు లాగుతున్నాయి, కూర్చోబుద్ధి కాలేదు. చివరకు వెనక కుర్చీ కిర్రుమంది.

"అందిందట. రేపటివి పంపేశారు అప్పుడే" అంది అక్క. కాసేపటికి, "ఒసేయ్, కొత్త ఫైలు తెరుచుకోవట్లేదే. ఏదో అడుగుతోంది."

"ఏం అడుగుతోంది?"

"చెప్పకూడదేమో. తెర మీదది కదా!"

"రోగి సంగతి కాదక్కా, కంప్యూటరు సంగతి! అది చెప్పొచ్చు!"

"నిజమా? మేడమ్‌ను అడిగి చెప్పనా?"

"నువ్వు ముందు చదువు!" అని కేకేసింది గుసగుస, వీధి వైపు చూస్తూనే.