పదమూడో ప్లేటు

"మీ చెయ్యే తగిలి ఉంటుంది మేడమ్" నిన్నటి మాటే మళ్ళీ అన్నాడు మేనేజరు, నా నివేదికను చివరి పేజీ నుంచి తిరగేస్తూ.

విరిగిన ఎముకకు బిగించే ప్లేట్లు అవి. రక్తంలోని ఉప్పదనం, ఒంటి వెచ్చదనం ఉన్న ద్రావణంలో ఒక్కొక్కదాన్నీ వేలాడదీసి, వోల్టేజి మెల్లగా పెంచుతూ, తుప్పు ఎక్కడ మొదలవుతుందో చూడటం ఇరవై ఆరేళ్ళుగా నా ఉద్యోగం. పన్నెండింటిలో ఐదింటికి, ఉండవలసిన హద్దుకు ఎంతో ముందే, స్క్రూ రంధ్రం అంచున గుంటలు పడ్డాయి. అవి పరీక్షలో నా చేతి వల్ల పడ్డ గీతలని రాసి నేను సంతకం చేస్తే సరుకు ఆసుపత్రులకు వెళ్ళిపోతుంది. ఆ తరువాతి తుప్పు మనుషుల ఒంట్లో.

ఈ మాట నాకు కొత్త కాదు. పాలు విరిగితే అత్తగారు "నీ చెయ్యి అలాంటిది" అనేవారు. పిల్లకు మార్కులు తగ్గితే నా ఉద్యోగం కారణం, పెరిగితే వాళ్ళ నాన్న తెలివి. ఈ ఉదయం ఆ తెలివిగల మనిషే, నేను ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ, "రెండేళ్ళలో రిటైరవుతావు. ఒక గీత గీశానని ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది? ఇంట్లో రోజూ ఒప్పుకోవడం లేదూ?" అన్నాడు. నవ్వాడు కూడా. నా ఒప్పుకోలు వీళ్ళకు ఎంత అలవాటైపోయిందో ఆ నవ్వు చూశాకే నాకు తెలిసింది.

అదే సరుకులోంచి సీలు తియ్యని ప్లేటు ప్యాకెట్టు ఒకటి తెచ్చి మేనేజరు ముందు పెట్టాను.

"నేను ముట్టుకోను. మీరే వేలాడదీయండి."

"అదేమైనా బ్రహ్మవిద్యా?" అంటూ ఇనుప పట్టకారు అందుకున్నాడు. లోహాన్ని లోహంతో పట్టుకోకూడదని, గీతలు పడతాయని మా గదిలో కొత్తవాళ్ళకు మొదటిరోజే చెబుతాము. ప్లాస్టిక్ పట్టకారు అందించి, దూరంగా కూర్చున్నాను.

గంట తరువాత తెరమీద కరెంటు రేఖ నిట్టనిలువుగా లేచింది, తుప్పు మొదలైందనడానికి గుర్తుగా. దాదాపు అదే వోల్టేజి. అదే రంధ్రం అంచు.

"మీరు గదిలోనే ఉన్నారుగా" అన్నాడు చివరికి.

ప్లేటును ఎవరు వేలాడదీస్తే వారి పేరే రిజిస్టరులో రాయాలి. పదమూడో వరుసలో ఆయన పేరు రాసి, "దీనికి చేతి గీత ఎవరిదని రాయమంటారు?" అని అడిగాను. ఆయన ఫోను చూసుకున్నాడు.

గుంటలు పడ్డ ఆరు ప్లేట్లకూ కారణం దగ్గర 'తయారీ లోపం' అని నింపి సంతకం చేశాను. ఒక ప్రతిని, ఈ ప్లేట్లకు అనుమతులిచ్చే కార్యాలయానికి నేరుగా పంపాను. ఇంట్లోగానీ ఇక్కడగానీ ఎవరినీ అడగకుండా నేను చేసిన మొదటి పని అది.